పొలంలో దొరికిన యుద్ధవిమాన శకలాలు ఎవరివి?

ప్రశ్న: మాది గుంటూరు. ఇంగ్లండులోని లింకన్‌షైర్‌లో ఉద్యోగం చేస్తున్నాను. పరిచయమున్న ఒక రైతు అనుమతితో ఆయన పొలంలో మెటల్ డిటెక్టర్‌తో వెతుకుతుండగా నలిగిన అల్యూమినియం రేకులు, 300తో మొదలయ్యే నంబరున్న చిన్న బిళ్ల, అద్దం పగిలిన డయల్, ఐదు తూటాలు దొరికాయి. రెండో ప్రపంచ యుద్ధకాలంలో అక్కడ స్పిట్‌ఫైర్ అనే బ్రిటిష్ యుద్ధవిమానం కూలిందనీ, పైలట్ పారాచూట్‌తో దిగి బతికాడనీ రైతు అంటున్నారు. జేసీబీ పెట్టించి ఇంజను తీద్దామని, వచ్చినది చెరిసగం పంచుకుందామని కాగితం కూడా రాశారు. ఇది చట్టబద్ధమేనా? సైనిక మిగులు సామగ్రి దుకాణంలో కొన్న పనిచేయని రైఫిల్‌ను, ఈ తూటాలను గుంటూరుకు తెచ్చుకోవచ్చా?

జవాబు: మీ ఉత్తరంలో మీకు అన్నిటికన్నా ప్రతికూలమైనది స్పిట్‌ఫైర్ గురించి రైతు చెప్పినట్లు మీరు రాసిన ఆ ఒక్క వాక్యమే. బ్రిటన్‌లో 1986 నాటి సైనిక అవశేషాల పరిరక్షణ చట్టం ప్రకారం, సైనిక సేవలో ఉండగా కూలిన విమానం ఏ దేశానిదైనా, ఎప్పుడు కూలినా, అది పడి ఉన్న చోటు దానంతటదే రక్షిత స్థలం అవుతుంది. నౌకల విషయంలో ప్రభుత్వం పేరుపేరునా ఉత్తర్వు ఇవ్వవలసి ఉంటుంది గాని, విమానానికి ఉత్తర్వు గాని, పొలం గట్టున బోర్డు గాని అక్కరలేదు. లైసెన్సు లేకుండా అటువంటి శకలాలను కదిలించడం, పాడుచేయడం, పైకి తీయడం మాత్రమే కాదు, వాటిని పరిశీలించే ఉద్దేశంతో తవ్వకం జరపడం కూడా నేరమే. దీనికి జైలుశిక్ష లేదు గాని, పెద్ద కోర్టుకు వెళ్తే జరిమానాకు పరిమితి లేదు.

అయితే నేరం రుజువు కావాలంటే అక్కడ సైనిక విమానం ఉన్నదని మీరు నమ్మి ఉండాలి, లేదా అనుమానించడానికి సహేతుకమైన కారణాలు ఉండి ఉండాలి. మొదటి రేకు డిటెక్టర్‌కు తగిలిన క్షణంలో మీకు ఏమీ తెలియకపోయి ఉండవచ్చు. కాని నంబరు బిళ్ల చేతికి వచ్చాక (స్పిట్‌ఫైర్ విడిభాగాల సంఖ్యలు సాధారణంగా 300తోనే మొదలవుతాయి), పైగా రైతు కథ విన్నాక, ఆ పొలంలో మీరు వేసే తదుపరి పార తెలిసి వేసిన పారే అవుతుంది. జేసీబీ సంగతి చెప్పనవసరం లేదు.

ఇక యాజమాన్యం. భూమి రైతుదైనా విమానం ఆయనది కాదు. బ్రిటిష్ సైనిక విమానాలు ఎక్కడ కూలినా రాజ్యానికి చెందిన ఆస్తిగానే కొనసాగుతాయి. బ్రిటన్‌లో కూలిన జర్మన్ విమానాలను కూడా యుద్ధంలో స్వాధీనమైన ఆస్తిగా పరిగణిస్తారు. నిధినిక్షేపాల చట్టం కింద వాటా వస్తుందనుకోవడం కూడా పొరపాటే, ఎందుకంటే 1996 నాటి ఆ చట్టం, 2023 సవరణ తరువాత సైతం, సాధారణంగా కనీసం రెండు వందల ఏళ్లు దాటిన వస్తువులకే వర్తిస్తుంది. మీరిద్దరూ రాసుకున్న చెరిసగం కాగితం అత్త సొమ్ము అల్లుడు దానం చేసిన బాపతు. దానిని ఎక్కడా చూపించకండి, దాని ఆధారంగా ఒక్క రేకును కూడా ఆన్‌లైన్‌లో అమ్మకానికి పెట్టకండి. ఆ రైతు కౌలుదారై ఉంటే, భూమిలో వెతకడానికి ఇచ్చిన అనుమతి చెల్లుతుందా అన్నది కూడా భూయజమానిని అడిగి తేల్చుకోవాలి.

సక్రమమైన దారి ఉన్నది, కొంత నిదానమైనదే అయినా. రక్షణ మంత్రిత్వ శాఖ కింద గ్లోస్టర్ సమీపంలోని ఇన్స్‌వర్త్‌లో పనిచేసే జాయింట్ క్యాజువల్టీ అండ్ కంపాషనేట్ సెంటర్‌కు దరఖాస్తు చేయాలి. భూయజమాని లిఖితపూర్వక సమ్మతితో పాటు, అది ఏ విమానం, ఏ తేదీన కూలింది, సిబ్బంది ఏమయ్యారు అన్న పరిశోధన వివరాలను మీరే సమర్పించాలి. పైలట్ బతికాడన్న రైతు మాట ఇక్కడ నిలబడదు. తాతల నాటి జ్ఞాపకాలలో రెండు ప్రమాదాలు ఒకటిగా కలిసిపోవడం అరుదు కాదు. మానవ అవశేషాలు ఉండే అవకాశం కనిపించినా, పేలని బాంబులున్నాయని తేలినా లైసెన్సు రాదు. లైసెన్సు వచ్చాక బయటపడిన పైలట్ వస్తువులను, పత్రాలను అధికారులకు అప్పగించాలి. మిగిలిన శకలాల యాజమాన్యం మీకు బదిలీ చేయడమా మానడమా అన్నది శాఖ విచక్షణ.

యాజమాన్యం సంగతి తేలాకే తవ్వకం అన్నది ఒక్క బ్రిటన్ నియమం కాదు. మీ లింకన్‌షైర్‌కే చెందిన రైతు డేవిడ్ కండల్, పెట్టెలలో పెట్టి పాతిపెట్టిన స్పిట్‌ఫైర్‌లు బర్మాలో ఉన్నాయని ఏళ్ల తరబడి నమ్మి, 2012 అక్టోబరులో వాటాలతో సహా అక్కడి ప్రభుత్వంతో ఒప్పందం చేసుకున్న తరువాతనే, 2013 జనవరిలో మన పెద్దలు రంగం అని పిలిచిన రంగూన్ శివారులోని మింగలాడన్‌లో తవ్వకం మొదలైంది. విమానాలు దొరకలేదు గాని, దొరికి ఉంటే ఎవరికెంత అన్న తగాదాకు తావు లేకుండా పోయింది.

నన్ను ఎక్కువ కలవరపెట్టినవి ఆ ఐదు తూటాలు. పేలని తూటాను సర్టిఫికెట్ లేకుండా దగ్గర ఉంచుకోవడం 1968 ఆయుధాల చట్టం కింద నేరం. ఇక్కడ జైలుశిక్ష ఉన్నది, దానితో పాటు వీసా, ఐఎల్ఆర్ (బ్రిటన్‌లో శాశ్వత నివాసానుమతి) దరఖాస్తులలో శిక్ష వివరాలు రాయవలసిన ఇబ్బందీ ఉన్నది. తవ్వకంలో బ్రౌనింగ్ మెషిన్ గన్ బయటపడితే అది నిషిద్ధాయుధం, అసాధారణ పరిస్థితులుంటే తప్ప కనీస శిక్ష ఐదేళ్లు. తుప్పు పట్టిందన్న వాదన మీద అంత భారం మోపడం వివేకం కాదు. తూటాలు బొటనవేలి కంటే లావుగా ఉంటే అవి 20 మిల్లీమీటర్ల ఫిరంగి గుండ్లు కావచ్చు. వాటిలో పేలుడు పదార్థం ఉండే అవకాశం ఉన్నది కనుక ముట్టకుండా అత్యవసర నంబరు 999కు ఫోన్ చేయండి. అద్దం పగిలిన డయల్‌నూ తేలికగా తీసుకోకండి. ఆ కాలపు డయళ్ల అంకెలు చీకటిలో మెరవడానికి రేడియం కలిపిన రంగు వాడేవారు. రాలిన పొడిని ఊదడం, గీకడం, బ్రష్‌తో శుభ్రం చేయడం చేయకుండా సంచిలో మూసి పెట్టండి, చేతులు కడుక్కోండి.

గుంటూరు విషయం స్పష్టంగా చెబుతాను: తేవద్దు. పనిచేయని రైఫిల్‌కు ప్రూఫ్ హౌస్ (తుపాకులను పరీక్షించి ధ్రువీకరించే బ్రిటిష్ సంస్థ) ఇచ్చిన సర్టిఫికెట్ బ్రిటన్‌లో పనికొస్తుంది గాని, భారతదేశ కస్టమ్స్ ముందు అది దిగుమతి లైసెన్సు కాదు. ఇక తూటా సంగతికొస్తే, సామానులో పొరపాటున ఉండిపోయిన ఒకే ఒక్క తూటాకు 1959 ఆయుధాల చట్టం కింద విమానాశ్రయాల్లోనే కేసులు నమోదైన సందర్భాలు ఉన్నాయి. తెలియక తెచ్చానన్న వాదనతో హైకోర్టుదాకా వెళ్లి బయటపడినవారు ఉన్నారు. మీరు నాకు ఉత్తరం రాశారు కనుక ఆ వాదన మీకు మిగలలేదు.

తూటాలను కారులో పెట్టుకుని స్టేషనుకు వెళ్లవద్దు. ఈ రోజే పోలీసుల అత్యవసరం కాని నంబరు 101కు ఫోన్ చేసి, ఎప్పుడు, ఎక్కడ దొరికాయో చెప్పి, వారు సూచించినట్లు చేయండి. కేసు పెట్టరని నేను హామీ ఇవ్వలేను గాని, మీరే ముందుగా చెప్పడానికీ, సోదాలో దొరకడానికీ చాలా తేడా ఉన్నది. ఆ తరువాత ప్రతి శకలం దొరికిన చోటును మ్యాపులో గుర్తించి, బిళ్ల ఫోటో జతచేసి ఇన్స్‌వర్త్ కార్యాలయానికి రాయండి, వారి జవాబు వచ్చేవరకు రేకులను కడగకుండా అలాగే ఉంచండి. జేసీబీ బేరం ఇప్పటికే కుదిరి ఉంటే, రద్దు చేసినట్లు రైతుకు ఒక ఈమెయిల్ పంపి ప్రతిని దాచుకోండి.