మైక్రోవేవ్ ఓవెన్‌లో మాడు వాసన ఎక్కడిది?

ప్రశ్న: మా కన్వెక్షన్ మైక్రోవేవ్ ఓవెన్ కొని ఐదేళ్లయింది. పది రోజులుగా పాలు వేడి చేసినా, కూర వేడి చేసినా ఏదో మాడిన వాసన వస్తోంది. లోపలంతా తుడిచి, నిమ్మచెక్కలు వేసిన నీళ్లు మరిగించాను. ఒక పూట తగ్గినట్టే తగ్గి మళ్లీ మొదలవుతోంది. ఇంకా వాడుకోవచ్చా, రిపేరుకు ఇవ్వాలా?
– ఒక గృహిణి, ఏలూరు

జవాబు: నిమ్మచెక్కల ఆవిరి మాడిన పాప్‌కార్న్, పొంగిన పులుసు వంటి తిండి వాసనలను పోగొడుతుంది గానీ, యంత్రంలోని లోపం వల్ల పుట్టే వాసనను కాసేపు కప్పిపుచ్చడం తప్ప ఏమీ చేయలేదు.

ముందుగా ప్లగ్ తీసి, లోపల కుడివైపు గోడకు అట్టముక్కలా కనిపించే పలుచని రేకును టార్చిలైటు వేసి చూడండి. (ప్యాకింగ్ అట్ట అనుకుని దాన్ని పీకి పారేసినవారూ ఉన్నారు.) అది మైకా, అంటే నెల్లూరు గనులకు పేరు తెచ్చిన అభ్రకంతో చేసిన రేకు. మాగ్నెట్రాన్ (మైక్రోవేవ్ తరంగాలను పుట్టించే భాగం) నుంచి వచ్చే తరంగాలను లోపలికి రానిస్తూ, ఆవిరిని, నూనె తుంపరలను అటు పోకుండా ఆపుతుంది. మూత పెట్టకుండా కూరలు వేడి చేసే ఇళ్లలో తాలింపు నూనె దానిమీద పేరుకుని, క్రమంగా మాడి బొగ్గవుతుంది. ఆ బొగ్గు గుండా విద్యుత్తు పారుతుంది కనుక అక్కడ టపటపమంటూ నిప్పురవ్వలు లేస్తాయి. ఏది పెట్టినా ఒకే వాసన వస్తోందని రాశారు గనుక నా మొదటి అనుమానం దీనిమీదే. ఒట్టి జిడ్డే అయితే తడిగుడ్డతో మెల్లగా తుడిచి పూర్తిగా ఆరనివ్వండి. నల్లమచ్చ గానీ చిల్లు గానీ ఉంటే రేకు మార్పించేవరకు ఓవెన్ వాడవద్దు. దాని ఖరీదు పెద్దదేమీ కాదు.

రేకు బాగుంటే, గాజుగ్లాసుతో నీళ్లు పెట్టి మైక్రోవేవ్ మీద ఒక నిమిషం, తర్వాత కన్వెక్షన్ (హీటరు, ఫ్యానుతో వేడిగాలి తిప్పే పద్ధతి) మీద కాసేపు నడిపి చూడండి. కన్వెక్షన్‌లోనే వాసన వస్తే హీటరు దగ్గర, ఫ్యాను జాలీ వెనక జిడ్డు చేరి ఉంటుంది. కాలిన ప్లాస్టిక్ వాసన గానీ, చేప వండకపోయినా నీచు వాసన గానీ గోడవైపు నుంచి వస్తుంటే ప్లగ్‌నూ సాకెట్‌నూ అనుమానించాలి: 2,000 వాట్ల ఓవెన్ 230 వోల్టుల దగ్గర దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది, 6 ఆంపియర్ల సాకెట్ దానికి తట్టుకోలేదు.

వార్నిష్ మాడినట్టు వాసన వస్తూ, మోత కూడా పెరిగితే ట్రాన్స్‌ఫార్మర్ చెడుతోందని అనుమానించాలి. అప్పుడు వెంటనే ఆపేయండి, కానీ ఇంట్లో స్క్రూడ్రైవర్ ఉంది కదా అని వెనక మూత మాత్రం విప్పవద్దు. ప్లగ్ తీసిన తర్వాత కూడా లోపలి కెపాసిటర్‌లో ప్రాణం తీయగల విద్యుత్తు నిలిచి ఉండవచ్చు. మెకానిక్ వచ్చినప్పుడు వాసన ఏ మోడ్‌లో, ఎన్ని క్షణాలకు, ఏ వైపు నుంచి మొదలవుతోందో చెప్పండి.