ఆ టెస్ట్ తర్వాత మళ్లీ ట్రక్ ఎక్కాలంటే

చిరంజీవి అబ్బాయికి,

పెదనాన్న ఆశీస్సులు. మొన్న ఫోన్‌లో నీ గొంతు విన్నప్పటి నుంచి నీ గురించే ఆలోచిస్తున్నాను. కంపెనీ చెప్పకుండా పెట్టే రాండమ్ డ్రగ్ టెస్ట్‌లో గంజాయి పాజిటివ్ వచ్చింది, వెంటనే డ్రైవింగ్ నుంచి తప్పించారు, తర్వాత ఉద్యోగం కూడా తీసేశారు అన్నావు. ఒకటి రెండేళ్లు ఊరుకుంటే రికార్డు దానంతట అదే పోతుందని స్నేహితులు చెబుతున్నారని కూడా అన్నావు. ఈ ఉత్తరం ముఖ్యంగా ఆ మాట గురించే రాస్తున్నాను. అది నిజం కాదు. ఇన్నేళ్లు ట్రక్ కంపెనీల సేఫ్టీ విభాగంలో పని చేసిన నేను చూసింది ఏమిటంటే, డ్రైవర్ల బతుకుల్ని ఆ టెస్ట్ కన్నా ఈ ఎదురుచూపే ఎక్కువ పాడు చేసింది.

2020 జనవరి 6 నుంచి అమెరికాలో సీడీఎల్ డ్రైవర్ల, అంటే పెద్ద బండ్ల కమర్షియల్ లైసెన్స్ ఉన్నవాళ్ల డ్రగ్, ఆల్కహాల్ ఉల్లంఘనలన్నీ క్లియరింగ్‌హౌస్ అనే ఫెడరల్ ఆన్‌లైన్ రికార్డులో నమోదవుతున్నాయి. నిన్ను తీసుకోబోయే ప్రతి కంపెనీ ముందు అక్కడ చూడాల్సిందే. నీ పేరు పక్కన ఇప్పుడు 'ప్రొహిబిటెడ్', అంటే నడపకూడదు అని ఉంటుంది. మళ్లీ డ్రైవింగ్‌లోకి రావడానికి ఉన్న రిటర్న్ టు డ్యూటీ ప్రాసెస్‌లో చివర పెట్టే డ్రగ్ టెస్ట్ నెగెటివ్ వచ్చేదాకా ఆ మాట మారదు. ఉల్లంఘన రికార్డు పోవాలంటే రెండు జరగాలి: అయిదేళ్లు నిండాలి, పనిలో చేరాక పెట్టే ఫాలో అప్ టెస్టులతో సహా అన్నీ పూర్తవ్వాలి. ఏది ఆలస్యమైతే దాన్నే లెక్క వేస్తారు. అంటే ఏమీ చేయకుండా పదేళ్లు కూర్చున్నా అది అక్కడే ఉంటుంది. పైగా 2024 నవంబర్ 18 నుంచి ప్రొహిబిటెడ్‌లో ఉన్నవాళ్ల సీడీఎల్‌ని రాష్ట్రాలు డౌన్‌గ్రేడ్ చేయాలన్న, అంటే కమర్షియల్ బండ్లు నడిపే అర్హత తీసేయాలన్న నియమం అమల్లోకి వచ్చింది. లైసెన్స్ ఆఫీసు నుంచి ఉత్తరం వస్తే పక్కన పడేయకు. లైసెన్స్ తిరిగి తెచ్చుకోవడానికి ఒక్కో రాష్ట్రంలో ఒక్కో పద్ధతి. మీ రాష్ట్రంలో ఏం కావాలో ఇప్పుడే అడిగి రాసుకో.

టెస్ట్ ఫలితం తప్పని నిజంగా నమ్మేవాళ్లకి ఒక దారి ఉంది. టెస్ట్ ఫలితాన్ని పరిశీలించే డాక్టర్, మెడికల్ రివ్యూ ఆఫీసర్, ఫలితం చెప్పినప్పటి నుంచి 72 గంటల్లోపు, అదే శాంపిల్ నుంచి పక్కన పెట్టిన రెండో సీసాని వేరే ల్యాబ్‌లో పరీక్షించమని అడగొచ్చు. చేతిలో డబ్బు లేదని కంపెనీ ఆపడానికి లేదు. నువ్వు మాత్రం గంజాయి తాగానని నాతోనే చెప్పావు కాబట్టి దాని జోలికి వెళ్లొద్దు. మా రాష్ట్రంలో గంజాయి చట్టబద్ధమే కదా, గంజాయి జాతి మొక్క నుంచి తీసే సీబీడీ ఆయిల్ వల్ల వచ్చిందేమో, పక్కవాడి పొగ పీల్చానేమో అంటే ఎవరూ ఒప్పుకోరు. రవాణా శాఖ నియమాలు ఫెడరల్‌వి. రాష్ట్రం ఏమన్నా అవి మారవు.

ఇక అసలు పని ఎస్‌ఏపీతో మొదలవుతుంది, సబ్‌స్టెన్స్ అబ్యూజ్ ప్రొఫెషనల్ అన్నమాట, నిన్ను ఇంటర్వ్యూ చేసి ఏ క్లాసులు, చికిత్స కావాలో చెప్పే నిపుణుడు. ఉద్యోగం తీసేసినా సరే, ఎస్‌ఏపీల పేర్ల లిస్టు నీకు ఇవ్వడం పాత కంపెనీ బాధ్యత. ఇవ్వకపోతే గట్టిగా అడుగు. డీఓటీ, అంటే రవాణా శాఖ, అర్హత ఉన్నవాళ్లనే ఎంచుకో. మీ ఫ్యామిలీ డాక్టరో, తెలిసిన కౌన్సెలరో ఎంత మంచివాళ్లయినా ఆ అర్హత లేకపోతే వాళ్లిచ్చిన కాగితం చెల్లదు. ఫీజు ఎంతో, అందులో రెండో ఇంటర్వ్యూ కూడా కలిసి ఉందో లేదో ముందే అడుగు. ఎవరు కట్టాలన్నది నియమాల్లో లేదు, చాలామంది డ్రైవర్లు సొంతంగానే కట్టుకుంటారు. 2023 నుంచి ఈ ఇంటర్వ్యూ వీడియోలో కూడా చేయొచ్చు, కానీ నువ్వుండే రాష్ట్రంలో పని చేసే అర్హత ఆ ఎస్‌ఏపీకి ఉందో లేదో కనుక్కో. క్లియరింగ్‌హౌస్‌లో నీ ఖాతా తెరిచి, ఎంచుకున్న ఎస్‌ఏపీ పేరు నువ్వే పెట్టాలి. ఇది మర్చిపోయి వారాలు పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు.

ఒక్క సంగతి గుర్తుపెట్టుకో. ఎస్‌ఏపీ నీ లాయరు కాదు, కంపెనీ మనిషీ కాదు. రోడ్డు మీద వెళ్లే జనం భద్రత చూడటం ఆయన పని. "నీకేం అక్కర్లేదు, వెళ్లి నడుపుకో" అని చెప్పే అధికారం ఆయనకు లేదు. చదువుకోవాల్సిన క్లాసులో, చికిత్సో, రెండూనో తప్పకుండా రాస్తారు. రాసింది ఎక్కువనిపించి ఇంకో ఎస్‌ఏపీ దగ్గరికి పోదామనుకోకు. రెండో అభిప్రాయాన్ని నియమాలు ఒప్పుకోవు, డబ్బు మాత్రం వృథా అవుతుంది. కాబట్టి మొదటి ఇంటర్వ్యూలోనే ఉన్నది ఉన్నట్టు చెప్పు. ఎన్నాళ్లుగా తాగుతున్నావు, రాత్రులు నిద్ర పట్టక తాగావా, నెలల తరబడి ఒంటరిగా ఉండి తాగావా, అన్నీ చెప్పు. మనవాళ్లు కౌన్సెలింగ్ అంటే పరువు తక్కువ అనుకుంటారు. నేను అలా అనుకోను. నిద్ర సంగతి నువ్వు నాతో కూడా దాచావు, దానికి వైద్యం లేకుండా గంజాయి ఒక్కటే మానితే ఎంతకాలం నిలుస్తుంది?

గ్రీన్‌కార్డు మీద ఉన్నావు కాబట్టి ఇంకొకటి. సిటిజన్‌షిప్‌కి గానీ వేరే ఇమ్మిగ్రేషన్ పనికి గానీ ఏ ఫారం నింపేముందైనా ఇమ్మిగ్రేషన్ లాయరుని కలువు. గంజాయి వాడకం అక్కడ కూడా చిక్కు తేగలదు, స్నేహితుల సలహా దానికి చాలదు.

క్లాసులు, చికిత్స పూర్తయ్యాక ఎస్‌ఏపీ మళ్లీ కూర్చోబెట్టి మాట్లాడతారు. సరిగ్గా చేశావని తృప్తి కలిగితే రిటర్న్ టు డ్యూటీ టెస్ట్‌కి అర్హుడివని నమోదు చేస్తారు. ఎక్కువమంది ఆగిపోయేది ఇక్కడే. ఈ టెస్ట్ నీ అంతట నువ్వు వెళ్లి చేయించుకోవడానికి లేదు. నిన్ను పనిలోకి తీసుకోవాలనుకునే కంపెనీ పంపాలి. సొంత ట్రక్ ఉన్నవాళ్లయితే తాము చేరిన కన్సార్టియం, అంటే టెస్టులు చూసుకునే సంస్థ, ద్వారా చేయించుకుంటారు. డబ్బు కడితే రెండు రోజుల్లో క్లియర్ చేస్తామనే ప్రకటనలు కనిపిస్తే నమ్మకు. పాత కంపెనీ తిరిగి తీసుకోవాలన్న రూలేమీ లేదు. వేరే కంపెనీలకు ఫోన్ చేసినప్పుడు మొదటి నిమిషంలోనే చెప్పేయి: "నాకు ఒక పాజిటివ్ ఉంది, ఎస్‌ఏపీ ప్రోగ్రామ్ పూర్తయింది, రిటర్న్ టు డ్యూటీ టెస్ట్ మిగిలింది, మీరు పంపిస్తారా?" ఎలాగూ క్లియరింగ్‌హౌస్‌లో కనిపించేదే. ముందే చెప్పినవాడి ఫోన్‌ని నేను ఆసక్తిగా వినేవాణ్ని. కుదరదనేవాళ్లే ఎక్కువ ఉంటారు, చిన్న కంపెనీలకు కూడా చేసి చూడు.

ఆ టెస్ట్ ఎలా ఉంటుందో ముందే తెలిస్తే మంచిది. నీ ఎదుట ఒక మగవాడు నిలబడి, మూత్రం పోస్తుండగా కళ్లారా చూస్తాడు. చొక్కా నడుము పైకి ఎత్తమంటారు, ప్యాంటు కిందికి దించమంటారు. అవమానంగా అనిపిస్తుంది. కోపం వచ్చి మధ్యలో బయటికి వచ్చావో, అది నిరాకరణ కింద లెక్క, పాజిటివ్‌తో సమానం, మళ్లీ మొదటికి వస్తావు. మూత్రం రాకపోతే మూడు గంటల వరకు సమయం ఇస్తారు, ఆ లోపు 40 ఔన్సుల దాకా ద్రవం తాగొచ్చు. టెన్షన్‌తో ఇంటి దగ్గరే బిందెల కొద్దీ నీళ్లు తాగి వెళ్లకు, శాంపిల్ పలచబడితే మళ్లీ ఇవ్వాల్సి రావచ్చు. రోజూ తాగినవాళ్ల ఒంట్లో గంజాయి వారాల తరబడి ఉంటుంది. కాబట్టి మానడం ఈ రోజే మొదలవ్వాలి, టెస్ట్ తేదీ వచ్చాక కాదు.

నెగెటివ్ వచ్చి పనిలో చేరాక కూడా ఫాలో అప్ టెస్టులు ఉంటాయి. మొదటి 12 నెలల్లో కనీసం 6, చెప్పకుండా పిలుస్తారు, అవి కూడా ఎదురుగా చూసి తీసుకునేవే. ఎస్‌ఏపీ అవసరమనుకుంటే అయిదేళ్ల వరకు పొడిగించొచ్చు. ఆ ప్లాన్ నీకు చూపించరు. కంపెనీ మారినా నీతోనే వస్తుంది, మామూలు రాండమ్ టెస్టులు దీనికి అదనం. పిలిచినప్పుడు వెంటనే వెళ్లు.

ఇంత కఠినం ఎందుకని అడిగావు. 1987 జనవరి 4న మేరీలాండ్‌లోని ఛేజ్ దగ్గర కాన్‌రైల్ ఇంజిన్లు సిగ్నల్ దాటి వచ్చి ఆమ్‌ట్రాక్ రైలు దారికి అడ్డుపడ్డాయి. 16 మంది చనిపోయారు. ఆ ఇంజిన్ల సిబ్బంది గంజాయి వాడినట్టు తేలింది. 1991లో కాంగ్రెస్ చేసిన టెస్టింగ్ చట్టం వెనుక ఆ చావులు ఉన్నాయి. నువ్వు నడిపేది 80,000 పౌండ్ల బండి, పక్క లేన్‌లో ఎవరి పిల్లలో ఉంటారు. ఈ నియమాలు నీ మీద పగతో పెట్టినవి కావు, నాన్నా.

ఈలోగా డ్రైవర్లకు లోడ్లు కేటాయించే డిస్పాచ్‌లోనో, గోడౌన్‌లోనో పని చూసుకో. ఎవరైనా "క్యాష్ ఇస్తాను, ఒక్క లోడ్ వేసి రా" అంటే మాత్రం ట్రక్ ఎక్కకు. ఆ ఒక్క ట్రిప్పులో ఏదైనా జరిగితే ఆ తర్వాత నేను కూడా ఏమీ చేయలేను. ఇంట్లో మీ ఆవిడకి ఈ రోజే నిజం చెప్పు, ఇంటి ఖర్చులు ఇద్దరూ కూర్చుని తగ్గించుకోవాలి. రాత్రిపూట మరీ చీకటి ఆలోచనలు వస్తే ఆత్మహత్య నివారణ హెల్ప్‌లైన్ 988కి ఫోన్ చెయ్యి, లేదా నాకు, ఏ టైమైనా సరే.

ఆదివారం సాయంత్రం నేనే ఫోన్ చేస్తాను. ఆ లోపు క్లియరింగ్‌హౌస్ ఖాతా తెరిచి, పాత కంపెనీ నుంచి ఎస్‌ఏపీ లిస్టు తెప్పించుకో. అందులోంచి ఒకరిని ఇద్దరం కలిసి ఎంచుకుందాం.

మీ పెదనాన్న