గిటార్ తీగలు తొమ్మిదా, పదా? నేర్చుకున్నది నిలవాలంటే ఏం చేయాలి?

ప్రశ్న: సార్, శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర రూమ్‌లో ఉండి డిగ్రీ చదువుతున్నాను. సెకండ్ హ్యాండ్‌లో ఎలక్ట్రిక్ గిటార్ కొన్నాను, తీగలన్నీ తుప్పు పట్టి ఉన్నాయి. ఒకరు 9 నంబర్ మందం తీగలు వేయమంటారు, ఇంకొకరు 10, మరొకరు 11. ఇక్కడ షాపులో అకౌస్టిక్ తీగలే దొరికాయి, అవి వేసేయొచ్చా? ఇంకో బాధ ఏంటంటే, ఆదివారం రెండు గంటలు కూర్చుని నేర్చుకున్న లిక్ (చిన్న స్వరాల ముక్క) బుధవారానికి గుర్తుండట్లేదు. నాకు జ్ఞాపకశక్తి తక్కువా?

జవాబు: తమ్ముడూ, అకౌస్టిక్ తీగలు మాత్రం వద్దు. నీ గిటార్‌లో పికప్ అంటే అయస్కాంతం, దాని చుట్టూ సన్నటి రాగి తీగ. ఎదురుగా ఇనుమో నికెలో కదిలితేనే అందులో కరెంటు పుడుతుంది. అకౌస్టిక్ లావు తీగల మీద చుట్టేది కంచు, దాన్ని అయస్కాంతం పట్టించుకోదు. లోపలి స్టీలు ఒక్కటే పని చేస్తుంది కాబట్టి లావు తీగలు నీరసంగా, సన్నవి గట్టిగా వినిపిస్తాయి. ఆన్‌లైన్‌లోనే తెప్పించుకో, నికెల్ పూత ఉన్న స్టీలు సెట్ అని చూసి కొను. మామూలుగా అందరూ వాడేది అదే.

ఇక నంబర్ల సంగతి. 9 అంటే ఆ సెట్‌లో అన్నిటికన్నా సన్న తీగ అంగుళంలో వెయ్యింట 9 వంతుల మందం. ఫెండర్ స్ట్రాట్ లాంటి, మోగే తీగ పొడవు 25.5 అంగుళాలుండే గిటార్‌లో మామూలు ట్యూనింగ్‌లో ఆ తీగ మీద దాదాపు 6 కేజీల లాగుడు ఉంటుంది, 10 వేస్తే 7 దాటుతుంది. చూడటానికి తేడా ఏమీ కనిపించదు గానీ బెండ్ చేసేటప్పుడు, అంటే తీగను పక్కకు తోసి స్వరం పెంచేటప్పుడు, వేలికి తెలుస్తుంది. లెస్ పాల్ రకం గిటార్‌లో ఆ పొడవు కాస్త తక్కువ, అందులో 10 కూడా కొంచెం మెత్తగానే ఉంటుంది. నువ్వు కొత్త, కాబట్టి 9-42 (సన్నది 9, లావుది 42) సెట్ తీసుకో. లావు తీగలకే మంచి టోన్ వస్తుందని ఎవరైనా వాదిస్తే విని ఊరుకో. వేళ్లు నొప్పెట్టి గిటార్ మూలన పడేస్తే ఏ టోనూ రాదు.

ఒకసారి ఒక గేజ్ (తీగల మందం) పెట్టుకున్నాక కనీసం కొన్ని నెలలు మార్చకు. గేజ్ మారితే మెడ వంపు, కింద తీగలు ఆనే బ్రిడ్జి ఎత్తు, పన్నెండో ఫ్రెట్ (మెడ మీది అడ్డ పట్టీ) దగ్గర శ్రుతి అన్నీ మళ్లీ సరిచూసుకోవాలి. అది కాకుండా ఎంత తోస్తే స్వరం ఎంత పెరుగుతుందో నీ వేళ్లు నేర్చుకునేది ఆ బిగువు మీదే. నెలకో గేజ్ మారిస్తే ఆ లెక్క మళ్లీ మొదటికొస్తుంది. నీ రెండో ప్రశ్నకు సగం జవాబు ఇక్కడే ఉంది.

జ్ఞాపకశక్తికి ఏం కాలేదు. ఎబ్బింగ్‌హాస్ అనే జర్మన్ ఆయన అర్థం లేని అక్షరాలు తనే బట్టీ పట్టి, తనే పరీక్షించుకుని 1885లో పుస్తకం వేశాడు: నేర్చుకున్నది మొదట్లోనే గబగబా పోతుంది, తర్వాత నెమ్మదిస్తుంది, ఒకేసారి రుద్దేకన్నా రోజులు విడదీసి చదివితే ఎక్కువ నిలుస్తుంది. నీ ఆదివారం రెండు గంటలు అచ్చంగా ఆ రుద్దుడే. దాన్నే రోజుకు పావుగంటగా పంచుకో. ఫోన్‌లో వీడియో చూస్తూ వాయిస్తున్నావనుకుంటాను, అలాగైతే గుర్తుంచుకునే పని వీడియోదే, నీది కాదు. గిటార్ పట్టుకోగానే వీడియో తెరవకుండా నిన్నటిది వాయించి చూడు, ఎక్కడ ఆగిపోతే అంతవరకే తెరిచి చూసి మూసెయ్. ఆ తడుముకోవడం చిరాగ్గానే ఉంటుంది గానీ పని జరిగేది అక్కడే. ఒకే లిక్‌ను నలభైసార్లు తిప్పకుండా రెండు మూడింటిని కలిపి మార్చి మార్చి వాయించు. అప్పుడప్పుడు మధ్యలోంచి మొదలెట్టు, ఎప్పుడూ మొదటి నుంచే వాయిస్తే మధ్యలో తప్పితే దారి దొరకదు.

నోటితో కూడా పాడు, గొంతు బాగోకపోయినా ఫర్వాలేదు. పక్కన విజయనగరంలో 1919 నుంచి సంగీత కళాశాల ఉంది, ద్వారం వెంకటస్వామి నాయుడు గారు వయొలిన్ నేర్పిన చోటు. మన కర్ణాటక సంగీతంలో వాయిద్యం నేర్చుకునేవాళ్లు కూడా సరళీ వరుసలు నోట పలుకుతారు, మూడు కాలాల్లో, అంటే మూడు వేగాల్లో, సాధన చేస్తారు. గిటార్‌కైనా ఆ పద్ధతి పనికొస్తుంది. మెట్రోనోమ్ (లయకు టిక్ టిక్ కొట్టే పరికరం) నిదానంగా పెట్టి, తప్పు రాకుండా వచ్చాకే వేగం పెంచు.

ప్రశ్న: విజయనగరంలో మా చర్చిలో ఆదివారాలు ఎలక్ట్రిక్ గిటార్ వాయిస్తాను. తీగలు తొందరగా నల్లబడుతున్నాయి, ఎన్నాళ్లకు మార్చాలి?

జవాబు: అమ్మా, మన వైపు గాలిలో తేమ ఎక్కువ, దానికి చేతి చెమటలో ఉప్పు తోడైతే తీగ ఎన్నాళ్లో ఉండదు. వాయించగానే పొడి నూలు గుడ్డతో తీగల పైన, కింద కూడా తుడిచి కేసులో పెట్టండి. కోటెడ్ అని అమ్మే, పైన పల్చటి రక్షణ పూత వేసిన తీగలు ఖరీదెక్కువైనా ఎక్కువ రోజులు వస్తాయి. మార్చడానికి తేదీ చూడక్కర్లేదు: శ్రుతి నిలవకపోయినా, గరుకు తగిలినా, ఫ్రెట్ల మీద లావు తీగలు చదునుగా అరిగినా మార్చేయండి. బ్రిడ్జి స్ప్రింగుల మీద తేలే రకమైతే అన్నీ ఒకేసారి విప్పకుండా ఒక్కొక్కటే మార్చండి. సెట్‌తో పాటు ఒకటో తీగ విడిగా రెండు కొని కేసులో పెట్టుకోండి, పాట మధ్యలో తెగేది ఎక్కువగా అదే.