ఇటుకా ఇసుకా: బిల్డరు కట్టిన పాత ఇంటి వంటగది చూడండి

ప్రశ్న: బాబాయి గారూ, మాది బరంపురం. గోపాల్‌పూర్ రోడ్డు వైపు 30 బై 50 స్థలం కొనుక్కున్నాం. అందులో 1,100 చదరపు అడుగుల ఇల్లు కట్టుకోవాలని ఉంది. మావారి ఉద్యోగం విశాఖపట్నంలో, పదిహేను రోజులకోసారి వస్తారు. నేను టీచర్ని. ముగ్గురిని అడిగాం. అద్దాల ఆఫీసున్న బిల్డరు అడుగుకి 2,100 అన్నాడు, కంప్యూటర్లో ఇంటి బొమ్మ గిరగిరా తిప్పి చూపించాడు. ఇంకొకాయన 1,750కే కడతానంటూ 30 శాతం అడ్వాన్సు అడుగుతున్నాడు. ఇచ్ఛాపురం మేస్త్రి ఒకాయన లేబరు కాంట్రాక్టు మాత్రమే చేస్తాడట, సామాను మనదే. మావారు 1,750 అంటారు, మా అత్తగారు మేస్త్రి అంటారు. ఎవరికిమ్మంటారు?
– ఒక పాఠకురాలు, బరంపురం

జవాబు: అమ్మా, ముందు మేస్త్రిని పక్కన పెట్టేద్దాం. పని రాదని కాదు. లేబరు కాంట్రాక్టంటే ఇసుక లారీ దిగినప్పుడు, ఇనుము కాటా వేసినప్పుడు, సిమెంటు బస్తాలు లెక్కపెట్టినప్పుడు ఇంటిమనిషి ఒకరు ఎండలో నిలబడాలి. మీరు బడిలో ఉంటారు, ఆయన విశాఖలో ఉంటారు. అత్తగారు నిలబడతానంటే చెప్పండి, మళ్ళీ ఆలోచిద్దాం.

మిగతా ఇద్దరికీ తేడా అడుగుకి 350. మీ ఇంటికి 3,85,000. ఆ తేడా నిజమైనదో కాదో రేటు చూస్తే తెలీదు. సంపు, సెప్టిక్ ట్యాంకు, ప్రహరీ, మెట్లగది ఆ రేటులో ఉన్నాయా? బాల్కనీని పూర్తి అడుగులకి లెక్కడతాడా, సగానికా? స్థలం పల్లమైతే మట్టి నింపే ఖర్చెవరిది? ఇద్దరి చేతా ఇవన్నీ కాగితం మీద రాయించండి. తక్కువ రేటు చెప్పినవాడు 'అదనపు పని' పేరుతో తర్వాత పట్టుకునేది ఇక్కడే.

ఇప్పుడు అసలు సంగతి. బిల్డరు చూపించే కొత్త ఇంటికి వెళ్ళకండి. రంగు తడి ఆరని ఇల్లు ఎవరిదైనా బాగానే ఉంటుంది. ఐదారేళ్ళ కింద కట్టిన ఇల్లు ఒకటి చెప్పమనండి. 2018కి ముందుదైతే మరీ మంచిది, తిత్లీ తుఫాను వాన తిన్న ఇల్లన్నమాట. ఇంటావిడతో మాట కలిపి వంటగదిలోకీ బాత్‌రూం పక్క గదిలోకీ వెళ్ళండి. సీలింగు మీద గోధుమరంగు మరక ఉందా చూడండి. గోడ మీద వేలి కణుపుతో తట్టండి. గట్టి గోడ 'టక్' అంటుంది, ప్లాస్టరు వదిలేసిన గోడ డొల్ల కుండలా మోగుతుంది. చివరికి ఆవిడని ఒక్క మాట అడగండి: డబ్బంతా ఇచ్చేశాక ఫోను చేస్తే ఎత్తాడా?

వంటగది అని ఎందుకంటున్నానంటే, నా వంటగది గొడవ నాకుంది. ఇరవై ఎనిమిదేళ్ళు ఓవర్సీరుగా ఊరందరి స్లాబులు తనిఖీ చేసినవాణ్ణి, 2009లో పర్లాకిమిడిలో నా ఇంటి స్లాబు రోజున మాత్రం డ్యూటీ మీద క్యాంపులో ఉండిపోయాను. తెలిసినవాడే కదా అని కాంట్రాక్టరుకి వదిలేశాను. పేరెందుకులెండి. తిత్లీ తర్వాతి వేసవిలో ఓ ఉదయం సీలింగు పెచ్చు ఊడి సరిగ్గా పాల గిన్నెలో పడింది. స్టూలెక్కి చూస్తే తుప్పు పట్టిన రాడ్డు నా మొహం మీదే ఉంది, దాని కింద కాంక్రీటే లేదు. ఇనుము కింద సిమెంటు బిళ్ళలు పెట్టకుండా కంకర ముక్కలు దూర్చాడు. జనం నడిచేసరికి అవి జారిపోయి రాడ్డు సెంట్రింగు బల్లమీద కూర్చుంది. స్లాబు రాడ్డుకి అడుగున 20 మిల్లీమీటర్ల కాంక్రీటు ఉండాలి. పది రూపాయల బిళ్ళల పని! మా ఆవిడ ఇప్పటికీ ఎత్తిపొడుస్తుంది.

అందుకని ఇద్దరి సైట్లలోనూ ఒక్కో స్లాబు పోసే రోజున చెప్పకుండా వెళ్ళండి. నీళ్ళు చూడండి. సిమెంటు, ఇసుక, కంకర 1:1½:3 మిక్సుకి బస్తా సిమెంటుకి 30 లీటర్లు దాటకూడదు. బకెట్టు కొలత లేకుండా పైపుతో పోస్తుంటే మాట్లాడకుండా వెనక్కి వచ్చెయ్యండి. ఇనుమూ అంతే. 12 మిల్లీమీటర్ల రాడ్డు మీటరుకి 888 గ్రాములు తూగాలి. మీటరు ముక్క కోయించి కూరగాయల తరాజులో వేసినా తెలిసిపోతుంది. మీది సముద్రం దగ్గర కాబట్టి ఇసుక ఋషికుల్యదా, బాహుదాదా, ఎక్కడిదని గట్టిగా అడగండి. మా పాత మేస్త్రి చిటికెడు నోట్లో వేసుకుని ఉప్పుందో లేదో చెప్పేవాడు.

30 శాతం అడ్వాన్సు ఒప్పుకోకండి. ముగ్గు పోయకముందే 5,77,500 వాడి చేతిలో పెడితే ఆ తర్వాత మీరు అడిగేవాళ్ళు, వాడు చెప్పేవాడు. పది శాతం లోపే ఇవ్వండి. తర్వాత బేసుమెంటు, లింటలు, స్లాబు, ప్లాస్టరు, ఒక్కోటి అయ్యాకే ఒక్కో వాయిదా. ఓ ఐదు శాతం మొదటి వానాకాలం దాటేదాకా మీ దగ్గరే ఉంచండి. 1,750 ఆయన దీనికి ఒప్పుకుని, పాత ఇల్లు బాగుంటే ఆయనకే ఇవ్వండి. నసిగితే 2,100 వాడికివ్వండి, అదీ కంప్యూటరు బొమ్మని చూసి కాదు.

అగ్రిమెంటు ఒడియాలో రాస్తే మీకు తెలిసిన భాషలో కూడా రాయించాకే సంతకం. ఎన్ని నెలలో అందులో ఉండాలి. జూన్ మధ్యలో రజ పండగ మూడు రోజులు ఇక్కడివాళ్ళు భూమి తవ్వరు. గంజాం కూలీల్లో సగం మంది చూపు సూరత్ మిల్లు పనుల మీదే ఉంటుంది. ఇవి బిల్డరుకి ముందే తెలుసు, ఆలస్యానికి సాకులు కావు. సొంత స్థలంలో ఒక్క ఇంటికి రెరా (బిల్డర్ల ప్రాజెక్టుల చట్టం) పనికిరాదు, కానీ 2019 వినియోగదారుల చట్టంలో ఇంటి నిర్మాణం సేవ కిందికే వస్తుంది. జిల్లా కమిషన్‌కి వెళ్ళాలంటే రసీదులు కావాలి, డబ్బు బ్యాంకులోంచే ఇవ్వండి. అన్నట్టు, పట్టాలో కిసం, అంటే భూమి రకం, 'ఘరబారి' (ఇళ్ళ స్థలం) అని ఉందో లేదో చూశారా? పొలం కింద ఉంటే ముందు తహసీల్దారు ఆఫీసులో మార్పించుకోండి, బిల్డర్ల సంగతి తర్వాత.

ప్రశ్న: స్లాబు పోసి ఐదు రోజులైంది. వేరేచోట పనుందని సెంట్రింగువాడు బల్లలు విప్పేస్తానంటున్నాడు. గది వెడల్పు 12 అడుగులు. ఏం చెయ్యాలి?
– ఒక పాఠకుడు, రాయగడ

జవాబు: విప్పనివ్వకండి బాబూ. మామూలు సిమెంటుకే ఆ వెడల్పు స్లాబు కింద పోట్లు (ఊత కర్రలు) కనీసం 7 రోజులు, బీముల కింద 14 రోజులు ఉండాలి. ఫ్లై యాష్ (బొగ్గు బూడిద) కలిసిన సిమెంటైతే ఇంకా ఆగాలి. వాడితో వాదన పెట్టుకోకుండా వారం రోజుల బల్లల అద్దె మీరే ఇస్తానని చెప్పండి, ఊరుకుంటాడు.