పూత బాగుపడాలంటే ముందు పాడైందేమిటో తెలియాలి

చిరంజీవికి ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. నీటిని తోసేసే నీ పూత మీద నీటిచుక్క 160 డిగ్రీల కాంటాక్ట్ యాంగిల్‌తో (చుక్క అంచు ఉపరితలంతో చేసే కోణం) నిలబడిందని రాశావు. సంతోషం. కానీ తాజాగా వేసిన పూత మీద ఆ అంకె రావడం ఇప్పుడు పెద్ద విశేషం కాదు తల్లీ. శాండ్‌పేపర్‌తో రుద్దాక ఏమైంది, తనంతట తాను బాగుపడుతుందన్న పూత నిజంగా బాగుపడిందా? అసలు పని అక్కడుంది.

మరమ్మతు సంగతి తర్వాత, ముందు ఏది పాడవుతోందో తేల్చుకో. నీటిని తోసెయ్యడానికి రెండు కావాలి. ఒకటి నీటితో పొసగని రసాయనం, రెండోది కంటికి కనిపించనంత సన్నటి గరుకు. నున్నటి ఉపరితలం మీద ఎంత గొప్ప ఫ్లోరిన్ రసాయనం వేసినా కోణం 120 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. 150 దాటాలంటే గరుకు సందుల్లో గాలి నిలవాలి, చుక్క ఆ గాలి మీద కూర్చోవాలి. క్యాసీ, బాక్స్‌టర్ అనే శాస్త్రవేత్తలు 1944లో సమీకరణంతో సహా చెప్పింది ఇదే. ఎండకీ ఆక్సీకరణకీ ఎక్కువగా దెబ్బతినేది రసాయనం. రాపిడికి ముందు పోయేది గరుకు. రెండింటికీ మందు ఒకటి కాదు. చాలామంది ఒకదానికి మందు వేసి రెండూ నయమయ్యాయనుకుంటారు.

రసాయనం సంగతి కాస్త సులువు. పొర లోపల సన్నటి రంధ్రాల్లో సిలేన్ (నీటిని తోసే సిలికాన్ సమ్మేళనం) లాంటి అణువుల్ని నిల్వ ఉంచితే, పైభాగం పాడైనప్పుడు అవి నెమ్మదిగా పైకి చేరుకుంటాయి. ఉపరితల శక్తి తగ్గుతుంది కాబట్టి వాటికి అదే అనుకూలం. వేడో తేమో తగిలితే ఇంకా త్వరగా వస్తాయి. 2010లో చైనా పరిశోధకులు ఇలాంటి పూతనే ప్లాస్మాతో (విద్యుదావేశమున్న వాయువుతో) పాడుచేసి, తేమగాలిలో తిరిగి కోలుకోవడం చూపించారు. తామరాకు మైనం అరిగినా లోపల్నుంచి మళ్లీ ఊరేది ఇలాగే. అయితే ఆకు బతికి ఉంది, నీ పూతకు ప్రాణం లేదు. నిల్వ అయిపోయాక మరమ్మతూ ఆగిపోతుంది. అందుకే ఒకసారి బాగుపడిందని చూసి ఆగకు. మళ్లీ మళ్లీ పాడుచేసి, ఎప్పుడు చేతులెత్తేస్తుందో చూడు.

గరుకు దగ్గరే అసలు చిక్కు. ఆకారాన్ని గుర్తుంచుకునే పాలిమర్ వాడితే, వేడిచేయగానే నలిగిన గరుకు మళ్లీ లేచి నిలబడుతుంది. కానీ ఊడిపోయింది తిరిగి రాదు. ఇక ఫ్యూరాన్, మాలిమైడ్ జత లాంటి విడిపోయి కలిసే బంధాలున్నాయి. 120 డిగ్రీల సెల్సియస్ ప్రాంతంలో విడిపోయి, చల్లారుతుంటే మళ్లీ కలుస్తాయి. పగుళ్లు చక్కగా మూసుకుంటాయి. ఇక్కడే జాగ్రత్త పడాలి. పగులు మూసుకోవాలంటే బైండర్ (పూతలోని రేణువుల్ని పట్టి ఉంచే జిగురు పదార్థం) కదలాలి. కదిలే బైండర్‌ను తలతన్యత చదును చేసేస్తుంది. పగులుతోపాటు నువ్వు కష్టపడి తెచ్చిన గరుకు కూడా మాయమవుతుంది. పగులు కలిసేంత, గరుకు కరగనంత వేడి ఎక్కడుందో వెతకడమే నీ ప్రయోగంలో ముఖ్యమైన భాగం. అలాంటి వేడి అసలు దొరక్కపోతే ఆ బైండర్‌ను వదిలెయ్.

నన్నడిగితే, రాపిడికి మంచి ఉపాయం పై నుంచి అడుగుదాకా పూత అంతా ఒకే మిశ్రమంగా ఉండటం. సిలికా రేణువులు మందమంతా పరుచుకుని ఉంటే, పైపొర అరిగినచోట కొత్త గరుకు బయటపడుతుంది. బైండర్ తక్కువైతే సిమెంటు చాలని గచ్చులా పొడిపొడిగా రాలుతుంది. ఎక్కువైతే రేణువులు మునిగిపోయి నున్నగా తయారవుతుంది. ఈ పాళ్లు పుస్తకంలో దొరకవు, నువ్వే చేసి చూడాలి. సాగే గుణమున్న సిలికోన్, పాలీయురేథేన్ రకాలతో మొదలుపెట్టు. గట్టి పూత విరిగేచోట ఇవి వంగి లేస్తాయి. మిషిగన్ విశ్వవిద్యాలయంలో అనీష్ టుటేజా బృందం 2017లో బైండరూ నింపే పదార్థమూ ఒకదానిలో ఒకటి ఎంత కలుస్తాయో లెక్కగట్టి జతల్ని ఎంచుకుంది. గుడ్డిగా కలిపి చూడటం కన్నా ఆ దారి మేలు.

ఫ్లోరిన్ విషయంలో నా మాట వింటే, నూనెను కూడా తోసెయ్యాలన్న అవసరం లేకపోతే దాని జోలికి పోకు. ఆ కుటుంబానికే చెందిన పీఎఫ్‌ఓఏ అనే రసాయనాన్ని 2019లో స్టాక్‌హోమ్ ఒప్పందం (ప్రకృతిలో చాలాకాలం చెడకుండా నిలిచే విషాలను అరికట్టే అంతర్జాతీయ ఒప్పందం) జాబితాలో చేర్చారు. పైగా నువ్వు చేసేది లోపలి అణువుల్ని బయటికి పంపే పూత. అంటే వాన పడ్డప్పుడల్లా అవి నీళ్లలో కలిసే వీలుంది. సిలికోన్లు, పొడవాటి కార్బన్ గొలుసు సిలేన్లు చాలు.

కొలతల దగ్గర మొహమాటపడకు. నిలకడగా ఉన్న చుక్క కోణం ఒక్కటే రాస్తే నేను నమ్మను. సందుల్లోకి నీళ్లు దిగినా ఆ కోణం పెద్దగానే కనిపించవచ్చు, చుక్క మాత్రం అతుక్కుని కదలదు. చుక్క ముందుకు పాకేటప్పటి కోణం, వెనక్కి తగ్గేటప్పటి కోణం, జారుడు కోణం (ముక్కను ఎంత వంచితే చుక్క జారుతుందో ఆ కోణం) మూడూ రాయి. జారుడు కోణం 10 డిగ్రీల లోపు ఉండాలి. ముక్కను నీళ్లలో ముంచి ఏటవాలుగా చూడు. గాలి పొర ఉన్నచోట వెండిలా మెరుస్తుంది, పోయినచోట మెరుపు ఉండదు. ఖర్చు లేని పరీక్ష. వేడినీళ్లతో కూడా చేసి చూడు. ఆవిరి సందుల్లో నీరుగా మారి చాలా పూతల్ని అక్కడే ఓడిస్తుంది.

మరమ్మతు చూపించేటప్పుడు రుద్దిన ముక్కతోపాటు రుద్దని ముక్కను కూడా అదే వేడిలో, అంతే సేపు ఉంచు. కొలిచే ముందు రెండింటినీ కడిగి ఆరబెట్టు. రుద్దని ముక్క జారుడు కోణం కూడా మారితే నీ వేడి ఎక్కువైనట్టు.

ఆశీస్సులతో,
మాస్టారు