బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ డబ్బాలు ఏ షాపుల్లో పెడితే కదులుతాయి?

కిరాణా కొట్లకు తెలుగు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చేశామని, డబ్బాల్లో ఎక్కడ పెట్టి అమ్మాలని అడిగారు. మాల్స్‌లోని పెద్ద షోరూములు వదిలేయండి. కొట్టు యజమాని బిల్లింగ్ కోసం అక్కడికి వెళ్లడు. థర్మల్ ప్రింటర్, బార్‌కోడ్ స్కానర్, ఎలక్ట్రానిక్ కాటా అమ్మే షాపులు పట్టుకోండి. ప్రింటర్ బిగించడానికి వెళ్లిన కుర్రాడే మీ సాఫ్ట్‌వేర్ కూడా ఎక్కించి వస్తాడు.

షాపును ఒప్పుకునే ముందు ఒక పరీక్ష పెట్టండి: 80 మి.మీ. వెడల్పు కాగితం వాడే ప్రింటర్ మీద తెలుగు సరుకుల పేర్లతో ఒక బిల్లు తీయమనండి. చాలా థర్మల్ ప్రింటర్లలో తెలుగు ఫాంట్ ఉండదు. టెక్స్ట్‌గా పంపితే చెత్త అక్షరాలో ప్రశ్నార్థకాలో వస్తాయి. విండోస్ డ్రైవర్ ద్వారా బొమ్మగా పంపాలి. ఇది తెలియని షాపుకు ఇచ్చిన డబ్బాలు "పనిచేయట్లేదు" అంటూ తిరిగొస్తాయి.

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి చోట రెండు షాపులకు మించి ఇవ్వకండి. పక్కపక్క షాపులు కదా, ఒకడు వంద తగ్గిస్తే ఇంకొకడు నూటయాభై తగ్గిస్తాడు. చివరికి ఎవరికీ ఏమీ మిగలక మీ డబ్బా చూపించడమే మానేస్తారు. చిన్న పట్టణానికి ఒక్క షాపు చాలు.

లెక్క ఇలా వేసుకోండి. ఎమ్మార్పీ 2,360 అయితే అందులో 18 శాతం జీఎస్టీ 360, అసలు ధర 2,000. డీలరుకు 30 శాతం, అంటే 600 ఇస్తే అతనికి వేసే బిల్లు 1,400 మీద జీఎస్టీ 252 కలిపి 1,652. మనిషిని పంపి ఎక్కించాలంటే ఆ 600 ఎక్కువేం కాదు.

మొదట ఐదు డబ్బాలు, అమ్మితేనే డబ్బు అన్న షరతు మీద, డెలివరీ చలాన్‌తో (అమ్మకం బిల్లు కాదు, సరుకు పంపినట్టు రాసే కాగితం) ఇవ్వండి. ఇలా పంపిన సరుకు అమ్ముడుపోకపోయినా ఆరు నెలల్లోపు వెనక్కి తెచ్చుకోవాలి, లేదంటే ఇన్‌వాయిస్ వేయాల్సిందే. ఏ నంబరు డబ్బా ఏ షాపుకు వెళ్లిందో రాసిపెట్టండి. డబ్బాలోని కీ (సాఫ్ట్‌వేర్ తెరవడానికి కొట్టే కోడ్) యాక్టివేట్ అయితేనే అమ్మకం కింద లెక్క, అల్మరాలో ఉన్నది కాదు. వాపసు వచ్చిన డబ్బా కీని ముందు సర్వర్‌లో ఆపి, ఆ తర్వాతే డబ్బు సర్దండి. కీ మీది పూత గీకి వాడేసుకుని డబ్బా తిరిగిచ్చేవాళ్లూ ఉంటారు.

డీవీడీ పెట్టకండి, కొత్త ల్యాప్‌టాప్‌లలో డ్రైవే ఉండట్లేదు. పెన్‌డ్రైవో డౌన్‌లోడ్ చిరునామానో పెట్టండి. డబ్బా మీద మీ పేరు, చిరునామా, పన్నులతో కలిపిన ఎమ్మార్పీ, తయారీ నెల-సంవత్సరం, ఫిర్యాదుల ఫోన్ నంబరు తప్పనిసరి. రెండు నెలల్లో ఒక్క కీ కూడా యాక్టివేట్ కాని షాపు నుంచి డబ్బాలు తెచ్చేసి వేరే షాపుకు ఇవ్వండి.