ఆకుపచ్చ లైటు వెలుగుతోందిగా, తొందరపడకండి

ప్రశ్న: మా డెస్క్‌టాప్ ఏడేళ్ల నాటిది. వారం రోజులు ఇంట్లో లేను. తిరిగొచ్చి బటన్ నొక్కితే ఉలుకూ పలుకూ లేదు. ఫ్యాన్ తిరగదు, ముందున్న లైటు వెలగదు. పక్క మూత తీసి చూస్తే లోపల బోర్డు మీద చిన్న ఆకుపచ్చ లైటు మాత్రం వెలుగుతోంది. తెలిసినాయన ఒకరు చూసి ఎస్‌ఎంపీఎస్ (ప్లగ్గు కరెంటును కంప్యూటర్‌కు తగ్గట్టు మార్చి ఇచ్చే డబ్బా) పోయిందన్నారు. ఇంకొకరు మదర్‌బోర్డే (లోపలి ఆ పెద్ద బోర్డే) పోయింది, కొత్తది కొనుక్కోండి అన్నారు. పోయినేడాది చనిపోయిన మా నాన్నగారి ఫొటోలు, ఆయన మాటలు రికార్డు చేసినవి అన్నీ అందులోనే ఉన్నాయి. ఇంకో కాపీ లేదు. టెన్షన్‌తో రెండు రోజులుగా నిద్ర లేదు. ఎవరి మాట నమ్మాలి?
– ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, ముందు నాన్నగారి ఫొటోల సంగతి చూద్దాం. అవి ఉండేది హార్డ్ డిస్కులోనో ఎస్‌ఎస్‌డీలోనో. డిస్కు పాడైన కంప్యూటర్ మామూలుగా ఇలా మూగబోదు. దాని ఫ్యాన్లు తిరుగుతాయి, తెర మీద కంపెనీ బొమ్మ వస్తుంది, విండోస్ దగ్గరకు వచ్చాకే ఆగుతుంది. మీది అంతదాకా రానేలేదు. అంటే లోపం డిస్కుకు చాలా ముందే ఉంది, మీ ఫొటోలు భద్రంగా ఉండే అవకాశమే ఎక్కువ. రిపేరు తేలేదాకా ఆగలేకపోతే డిస్కును కంప్యూటర్‌లోంచి బయటకు తీయించి వేరే కంప్యూటర్‌కు తగిలించి కాపీ చేసుకోండి. అక్కడ ‘ఫార్మాట్ చేయాలా’ అని అడిగితే ఎట్టి పరిస్థితిలోనూ సరే అనకండి. విండోస్‌లో డిస్కుకు తాళం వేసే బిట్‌లాకర్ ఆన్‌లో ఉండి ఉంటే 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. అది మామూలుగా మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో దొరుకుతుంది. ఆ పని అయ్యాక మిగతాది నెమ్మదిగా చూసుకోవచ్చు.

ఇక మీ ఉత్తరంలో నన్ను ఆపిన మాట ఆ ఆకుపచ్చ లైటు. మీరు దాన్ని గమనించి రాయడం చాలా మేలు చేసింది. ప్లగ్గులో కరెంటు ఉన్నంతసేపూ, కంప్యూటర్ ఆపేసి ఉన్నా, ఎస్‌ఎంపీఎస్ బోర్డుకు సన్నగా 5 వోల్టులు ఇస్తూనే ఉంటుంది. దాన్ని స్టాండ్‌బై అంటాం. మీ లైటు దానితోనే వెలుగుతోంది. కాబట్టి ప్లగ్గు, పవర్ కేబుల్, వెనకున్న చిన్న స్విచ్చు, ఎస్‌ఎంపీఎస్‌లో కొంత భాగం పనిచేస్తున్నట్టే. ఎస్‌ఎంపీఎస్ మొత్తంగా పోయిందన్న మాట అక్కడితో నిలబడదు. మదర్‌బోర్డు పోయిందన్న మాటకు కూడా ఇంకా ఆధారం లేదు.

బటన్ నొక్కినప్పుడు జరిగేది చెబుతాను. అది తెలిస్తే ఎక్కడ వెతకాలో మీకే తెలుస్తుంది. ఆ బటన్ కరెంటు ఇచ్చే స్విచ్చు కాదు. రెండు సన్నటి తీగలను ఒక్క క్షణం కలుపుతుంది, అంతే. ఆ సంగతి బోర్డు కనిపెట్టి ఎస్‌ఎంపీఎస్‌కు ‘ఇక లే’ అని సైగ చేస్తుంది. ఎస్‌ఎంపీఎస్ నుంచి బోర్డుకు వచ్చే 24 పిన్నుల పెద్ద కనెక్టర్‌లో 16వ పిన్ను పని ఇదే. పాత తీగల్లో అది ఆకుపచ్చగా ఉంటుంది, ఈ మధ్య తీగలన్నీ నల్లగానే వస్తున్నాయి. ఆ సైగ అందాకే 12, 5, 3.3 వోల్టులు బయటకొస్తాయి, ఫ్యాన్ తిరుగుతుంది. బటన్, బోర్డు, ఎస్‌ఎంపీఎస్ అని మూడు మెట్లు. మీ ఇద్దరు పెద్దమనుషులూ రెండో మెట్టు, మూడో మెట్టు అన్నారు. మొదటి మెట్టు ఎవరూ చూడలేదు.

నేనూ ఒకసారి చూడలేదు. పని నేర్చుకున్న తొలి రోజుల్లో ఒక కుర్రాడు సరిగ్గా ఇలాంటి మెషీన్ తెచ్చాడు. చదువుకి అవసరం, పరీక్షలు దగ్గర్లో ఉన్నాయి. బోర్డు పోయిందని ఖాయంగా చెప్పాను. అతను ఎక్కడెక్కడో సర్ది కొత్త బోర్డు తెచ్చుకున్నాడు. బిగించి బటన్ నొక్కితే మళ్లీ అదే నిశ్శబ్దం. బటన్ వెనక తీగ టంకం ఊడి వేలాడుతోంది. పాత బోర్డుకి ఏమీ కాలేదు. కొత్త బోర్డు డబ్బు నేనే ఇచ్చేశాను గానీ, అతని ముఖం ఇప్పటికీ గుర్తుంది. ఆ తర్వాత బటన్ చూడకుండా ఏ బోర్డునూ పోయిందని అనలేదు.

మీరు ఇలా చేయండి. ప్లగ్గు తీసేయండి. తీశాక పవర్ బటన్‌ను అర నిమిషం నొక్కి పట్టుకోండి. లోపల మిగిలిన కరెంటు దిగిపోతుంది, ఆకుపచ్చ లైటు కూడా ఆరిపోతుంది. మళ్లీ ప్లగ్గు పెట్టి నొక్కి చూడండి. ఒక్కోసారి ఈ కాస్త పనితోనే లేస్తుంది, ఎందుకంటే బోర్డు ఏదో ఒక తప్పుడు స్థితిలో ఇరుక్కుపోయి ఉంటుంది. లేవకపోతే మళ్లీ ప్లగ్గు తీయండి. కేబినెట్ ముందు భాగం నుంచి వచ్చే సన్నటి తీగలు బోర్డు అంచున పిన్నుల వరుసలో గుచ్చి ఉంటాయి. ‘పవర్ స్విచ్’ అని రాసిన రెండు పిన్నుల తీగ ఊడదీసి, దాని చోట ‘రీసెట్ స్విచ్’ అని రాసిన తీగ గుచ్చండి. ఇప్పుడు ప్లగ్గు పెట్టి రీసెట్ బటన్ నొక్కండి. లేచిందంటే పోయింది పాత బటన్ ఒక్కటే. ఇకనుంచి రీసెట్ బటన్‌తోనే ఆన్ చేసుకోవచ్చు. స్క్రూడ్రైవర్ మొనతో ఆ రెండు పిన్నులూ కలిపినా ఇదే ఫలితం వస్తుంది, కానీ చెయ్యి జారితే పక్క పిన్నులకు తగులుతుంది. అలవాటు లేనివాళ్లకు నేను ఆ పద్ధతి చెప్పను.

అయినా లేవకపోతే, ప్లగ్గు తీసి, 24 పిన్నుల కనెక్టర్‌నూ, ప్రాసెసర్ పక్కన ఉండే 4 లేదా 8 పిన్నుల కనెక్టర్‌నూ లాగి మళ్లీ గట్టిగా నొక్కండి, క్లిప్పు ‘టక్’మని పడాలి. వెనక గుచ్చిన పెన్ డ్రైవ్‌లు, ప్రింటర్ అన్నీ తీసేయండి. ఒక్క యూఎస్‌బీ సాకెట్‌లో లోహపు రేకు వంగి షార్టయినా కంప్యూటర్ లేవకపోవచ్చు. ఇంత చేశాకా అదే నిశ్శబ్దమైతే, అప్పుడు పని తెలిసినవారి దగ్గర వేరే మంచి ఎస్‌ఎంపీఎస్ పెట్టించి చూడండి. దానితో లేస్తే ఎస్‌ఎంపీఎస్ దోషం. దానితోనూ లేవకపోతే అప్పుడు బోర్డు గురించి మాట్లాడదాం. కొనే ముందే పెట్టి చూడమని పట్టుబట్టండి.

ప్రశ్న: ర్యామ్ చాలడం లేదని ఇంకో స్టిక్ కొని నేనే పెట్టాను. ఇప్పుడు ఫ్యాన్లు తిరుగుతున్నాయి, లైట్లు వెలుగుతున్నాయి, మానిటర్ మాత్రం ‘నో సిగ్నల్’ అంటోంది. కొత్తది తీసేసినా అంతే. నేనే పాడు చేశానా?
– డిగ్రీ విద్యార్థి

జవాబు: ఇంత మాత్రానికి పాడైపోయిందని అనుకోకండి బాబూ. కొత్తది పెట్టేటప్పుడు పాతది కూడా కదిలి ఉంటుంది. ఇలాంటివి చాలావరకు అక్కడే తేలతాయి.

ముందు మానిటర్ కేబుల్ చూడండి. విడిగా గ్రాఫిక్స్ కార్డు ఉంటే కేబుల్ ఆ కార్డుకే ఉండాలి. మూత తీసే హడావుడిలో బోర్డు మీది పోర్టుకు గుచ్చేసి గంటలు వెతికినవాళ్లను చూశాను. అది సరిగానే ఉంటే ప్లగ్గు తీసి, ర్యామ్‌లు రెండూ బయటకు తీయండి. బంగారు రంగు కాళ్ల మీద పెన్సిల్ రాతలు చెరిపే తెల్ల రబ్బరుతో మెల్లగా రుద్ది, పొడి లేకుండా తుడవండి. పాత స్టిక్ ఒక్కటే పెట్టండి. నాలుగు స్లాట్లుంటే చాలా బోర్డుల్లో ప్రాసెసర్ నుంచి లెక్కపెడితే రెండోది సరైన చోటు. రెండు చివర్లా సమానంగా నొక్కాలి. కాస్త భయం వేసేంత బలం పడుతుంది, అది మామూలే. సగం దిగిన ర్యామ్ చూడటానికి పూర్తిగా దిగినట్టే ఉంటుంది.

మీ బోర్డు డీడీఆర్5 (కొత్త తరం ర్యామ్) రకం అయితే ఇంకో మాట. ర్యామ్ మార్చాక మొదటిసారి ఆన్ చేసినప్పుడు బోర్డు ఆ ర్యామ్‌తో వేగం కుదుర్చుకోవడానికి చాలా నిమిషాలు పట్టొచ్చు. అంతసేపూ తెర నల్లగానే ఉంటుంది. ఓపిక పట్టలేక మధ్యలో ఆపేస్తే మళ్లీ మొదటికొస్తుంది. పావుగంట అలాగే వదిలేయండి.

బోర్డు మీద సీపీయూ (ప్రాసెసర్), డీర్యామ్ (ర్యామ్), వీజీఏ (గ్రాఫిక్స్), బూట్ (విండోస్ ఉన్న డిస్కు) అని నాలుగు బుల్లి లైట్లుంటే వాటిని తప్పక చూడండి. ఏది వెలిగి నిలిచిపోతే తనిఖీ అక్కడ ఆగినట్టు. 1981లో వచ్చిన మొదటి ఐబీఎం పీసీ కూడా ఆన్ కాగానే తనను తాను పరీక్షించుకుని, అంతా బాగుంటే ఒక్క బీప్ ఇచ్చేది. ఆ పద్ధతే ఇప్పుడు ఈ లైట్లలో కొనసాగుతోంది. బీప్‌లు వినబడితే లెక్కపెట్టి రాసుకోండి. ఏ లెక్కకు ఏ అర్థమో బోర్డును బట్టి మారుతుంది కాబట్టి మీ బోర్డు మాన్యువల్‌లోనే చూడాలి. పాత స్టిక్‌తో లేచి కొత్తది పెడితే లేవకపోతే, ఆ కొత్తది మీ బోర్డుకు నప్పనిదో, దానిలోనే లోపం ఉన్నదో. వాపసు ఇచ్చేయండి.

ప్రశ్న: పొద్దున్నే నాలుగైదుసార్లు నొక్కితే గానీ మా కంప్యూటర్ లేవదు. ఒకసారి లేచాక రోజంతా బాగా పనిచేస్తుంది. చలి ఎక్కువైతే మరీ మొండికేస్తోంది. పనిచేస్తోంది కదా, అలా వాడేసుకోవచ్చా?
– ఒక అకౌంటెంట్

జవాబు: వద్దండీ. ఇప్పటిదాకా చెప్పిన మూడింటిలో నన్ను ఎక్కువ భయపెట్టేది మీదే.

ఇది ముసలిదైపోతున్న ఎస్‌ఎంపీఎస్ లక్షణం. అందులో కరెంటును కాసేపు నిల్వ ఉంచుకునే చిన్న డబ్బాల్లాంటి ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లుంటాయి. వాటిలోని ద్రవం ఏళ్ల వేడికి ఎండిపోతుంది. చల్లగా ఉన్నప్పుడు అవి ఇంకా బలహీనపడతాయి. ఎస్‌ఎంపీఎస్ వోల్టులన్నీ నిలకడగా ఉన్నాక బోర్డుకు ‘అంతా సరే’ అని ఒక సంకేతం పంపాలి. అది వచ్చేదాకా బోర్డు ప్రాసెసర్‌ను కదలనివ్వదు. మీ ఎస్‌ఎంపీఎస్ ఆ మాట చెప్పలేక తడబడుతోంది. నాలుగుసార్లు నొక్కేసరికి కాస్త వేడెక్కి చెప్పగలుగుతోంది. మల్టీమీటర్ (వోల్టులు కొలిచే మీటరు) ఉన్నవాళ్లు చూస్తే 12 వోల్టుల తీగ మీద 11.4 నుంచి 12.6 లోపల ఉండాలి, 5 వోల్టుల దాని మీద 4.75 నుంచి 5.25 లోపల. అయితే అంకె బాగున్నంత మాత్రాన ఎస్‌ఎంపీఎస్ బాగున్నట్టు కాదు. లోపల తరంగంలా ఊగే వోల్టేజిని మామూలు మీటరు పట్టుకోలేదు. బోర్డు మీది కెపాసిటర్లు కూడా ఒకసారి చూడండి. నెత్తి ఉబ్బినా, గోధుమరంగు మరక కారినా లోపం అక్కడ కూడా ఉంది.

ఎస్‌ఎంపీఎస్ డబ్బాను మాత్రం మీరు విప్పకండి. 230 వోల్టుల కరెంటున్నచోట దానిలో పెద్ద కెపాసిటర్ 320 వోల్టుల దాకా నింపుకుని ఉంటుంది, ప్లగ్గు తీశాక కూడా కొంతసేపు ఆ చార్జి నిలిచి ఉండొచ్చు. అది ప్రాణం తీసేంత దెబ్బ. దాన్ని బాగుచేయించడం కన్నా మంచి కంపెనీది మార్చేయడమే సరైన పని.

మార్చేదాకా ఒక పని చేయండి. రేపు పొద్దున అది లేవగానే, ఇంకేదీ తెరవకముందు, మీ లెక్కల ఫైళ్లన్నీ బయటి డిస్కులోకి కాపీ చేసి, ఆ డిస్కును కంప్యూటర్ నుంచి ఊడదీసి విడిగా దాచండి.